మట్టి కోసం బోరు

— పూర్వ విద్యార్థి (2013–18), ఎం.ఎస్సీ. జియాలజీ



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పాత విద్యార్థులు రాసేవి ఎక్కువగా గ్రూప్స్‌కు ఎలా చదవాలి, డీఎస్సీకి ఏ పుస్తకాలు కొనాలి, కానిస్టేబుల్ పరుగుకు ఎలా తయారవ్వాలి అన్నవే ఉంటాయి. అవీ కావాలి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అలాంటి వ్యాసమే ఒకటి కత్తిరించి ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాను. అయితే ఈసారి వార్డెన్ గారు "నువ్వు చదివిన చదువు గురించి రాయరా, పిల్లలకు కొత్తగా ఉంటుంది" అన్నారు. అందుకని సముద్రం అడుగున బోరు వేసే శాస్త్రవేత్తల పని గురించి రాస్తున్నాను. ఆ పని నేనింకా చేయలేదు. చేయాలని మాత్రం గట్టిగా ఉంది. చేసే దారిలో వెళ్లాలా, ఇంటికి కావలసిన దారిలో వెళ్లాలా అని తేల్చుకోవలసిన నెలల్లో ఉన్నాను. ఈ వ్యాసం అలాంటి మనిషి రాసిందని గుర్తుపెట్టుకుని చదవండి.

బోరు అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. వంటశాల వెనక మీరు బకెట్లు పెట్టే బోరు 2016 వేసవిలో వేసింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. పాత బోరు ఎండిపోయి, ట్యాంకరు నీళ్లతో స్నానాలు రెండు రోజులకొకసారి అయ్యాయి. తిరుచెంగోడు బండి రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. తెల్లవార్లూ మోత. ఒక్కరం నిద్రపోలేదు. పొద్దున చూస్తే ముగ్గుపిండి లాంటి పొడి మోకాలెత్తు గుట్టగా పడి ఉంది. వారం రోజులు ఆ పొడితోనే పళ్లేలు తోముకున్నాం. నీళ్లు పడ్డాయా, ఎన్ని అంగుళాలు పడ్డాయి అన్నదే అందరి ధ్యాస. ఆ పొడి గురించి ఎవరికి పట్టింది?

మా నాన్నకు పట్టేది. ఆయన అలాంటి బోరుబండి మీద పద్దెనిమిదేళ్లు హెల్పరుగా చేశాడు. రాడ్డు మార్చినప్పుడల్లా డ్రిల్లరు పొడిని అరచేతిలోకి తీసుకుని నలిపి చూసేవాడట. ఎర్రగా ఉంటే ఇంకా పై మట్టే, తెల్లగా గరగరలాడితే రాయి, ముద్ద కట్టిందంటే జల దగ్గర్లో ఉంది. చూస్తూ చూస్తూ నాన్నకూ ఆ విద్య వచ్చేసింది. చదివింది ఐదో తరగతి. అమ్మది వేలిముద్ర. మా రెండు వైపుల చుట్టాల్లోనూ డిగ్రీ చదివింది నేనే మొదలు. డిగ్రీలో జియాలజీ తీసుకుంటానంటే "అదేం చదువు?" అని అడగనిది ఇంట్లో నాన్న ఒక్కడే. "రాళ్ల చదువంట" అని అమ్మతో చెప్పి ఊరుకున్నాడు.

సముద్రంలో వేసే బోరు మన బోరుకు సరిగ్గా తిరగేసింది. అక్కడ నీళ్లు అక్కర్లేదు, మట్టే కావాలి. అదీ పొడి చేసిన మట్టి కాదు. పై పొర పైన, కింది పొర కింద ఉండేలా, చెరకు గడ లాగా నిలువుగా తీసిన మట్టి. దాన్ని కోర్ అంటారు. నదులు తెచ్చిన బురద, గాలి తెచ్చిన దుమ్ము, చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు లక్షల ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి సముద్రం అడుగున పేరుకుంటాయి. నేల మీదైతే వాన కడిగేస్తుంది, నాగలి తిరగేస్తుంది. లోతు సముద్రంలో చాలాచోట్ల ఆ వరస అలాగే ఉండిపోతుంది.

కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతంతా నాన్నకు చెప్పాను. కంప్రెసర్ మోతకు ఆయన ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగం. కాబట్టి ఏది చెప్పినా అరిచి చెప్పాలి. వాకిట్లో మంచం మీద కూర్చుని నేను అరుస్తుంటే వీధి వీధంతా వినింది. ఎదురింటి పిన్ని చేట పక్కన పెట్టి వచ్చి, "సముద్రం నిండా నీళ్లే గదయ్యా, మళ్లీ అందులో బోరేంది?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ నాన్న నవ్వలేదు. ఆయన అడిగిన ప్రశ్నలు మా క్లాసులో ఎవరూ అడగలేదు.

మొదటి ప్రశ్న: "బండిని జాకీల మీద నిలబెడతాం. ఓడను దేని మీద నిలబెడతారు?" రెండు మూడు కిలోమీటర్ల లోతులో లంగరు వేసి ఓడను కదలకుండా ఉంచడం అయ్యే పని కాదు. జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ ఉంది. పొడవు 143 మీటర్లు. నడుమ 60 మీటర్లకు పైగా ఎత్తైన ఇనుప గోపురం, దాని కింద ఓడ అడుగు దాకా బావి లాంటి ఏడు మీటర్ల రంధ్రం. గొట్టాలు దించేది అందులోంచే. ఓడ చుట్టూ కిందివైపు 12 చిన్న పంకాలు ఉంటాయి. గాలి ఒక పక్కకు తోస్తే కంప్యూటరు ఆ వైపు పంకాలు తిప్పి మళ్లీ బోరు మీదికే తెచ్చి నిలబెడుతుంది. ఈ ఉపాయాన్ని మొదట చేసి చూసింది 1961లో, మెక్సికో పక్కన గ్వాడలూప్ దీవి దగ్గర. మూడున్నర కిలోమీటర్ల నీటిలో, నాలుగు మోటార్లు పెట్టి ఒక బల్లకట్టు లాంటి ఓడను నిలబెట్టి బోరు వేశారు. అడుగు మట్టిలోకి దిగింది 183 మీటర్లే. కానీ సముద్రంలో ఓడ నిలబడుతుందని తేలిపోయింది.

రెండో ప్రశ్న: "ప్రతిసారీ రాడ్లన్నీ పైకి తీయాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" తీయరు. గొట్టాలు అలాగే ఉంటాయి. వాటి లోపలి నుంచి తీగకు కట్టిన ఇంకో సన్న గొట్టాన్ని వదులుతారు. అది మట్టిని తనలో నింపుకుంటుంది. దాన్ని మాత్రం తీగతో పైకి లాగుతారు. ఒక్కో విడతకు తొమ్మిదిన్నర మీటర్ల మట్టి. నాన్నకు ఇది చాలా నచ్చింది. "ఆ పద్ధతి మాకుంటే మా నడుములు మిగిలేవి" అన్నాడు.

మూడోది: "బిట్టు అరిగిపోతే?" అప్పుడు అన్నీ పైకి తీయక తప్పదు. మళ్లీ అదే బోరులోకి దిగడం ఎలా? 1970లో గ్లోమార్ ఛాలెంజర్ అనే ఓడ వాళ్లు బోరు మూతి దగ్గర పెద్ద గరాటు ఒకటి దించి, మూడు కిలోమీటర్ల పైనుంచి గొట్టాన్ని ఆ గరాటులోకి మళ్లీ దింపగలిగారు. నాన్న కాసేపు ఊరుకుని, "మేడ మీద నిలబడి కింద ఉన్న సూదిలోకి దారం ఎక్కించినట్టు" అన్నాడు. మా ప్రొఫెసర్ గారు ఈ విషయానికి అరగంట తీసుకున్నారు.

చివరి ప్రశ్న అసలైంది. "ఇంతా చేసి మట్టి కోసమా? డబ్బులెవరిస్తారు?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆ ఓడ మీద మనిషి ఏం చేస్తాడో చెబుతాను.

మా డిపార్ట్‌మెంట్‌కు ఉపన్యాసం ఇవ్వడానికి ఒక మేడమ్ వచ్చారు. ఆమె పరిశోధక విద్యార్థిగా ఉండగా ఆ ఓడలో రెండు నెలలు పనిచేశారు. ఉపన్యాసం అయ్యాక టీ దగ్గర మేం నలుగురం ఆమెను వదల్లేదు. ఆమె చెప్పిన ప్రకారం ఓడలో పని పన్నెండు గంటలు, విశ్రాంతి పన్నెండు గంటలు. కొందరికి పగలు పన్నెండు నుంచి రాత్రి పన్నెండు, మిగిలినవాళ్లకు రాత్రి పన్నెండు నుంచి పగలు పన్నెండు. ఆదివారం లేదు, పండగ లేదు. ఓడ అద్దె నిమిషాలతో లెక్క కాబట్టి బోరు ఆగదు. వంటగది రోజుకు నాలుగు పూటలు వడ్డిస్తుంది. ఆమెది అర్ధరాత్రి డ్యూటీ కావడంతో రాత్రి పదకొండున్నరకు టిఫిను తినేవారట. గది ఇద్దరికి ఒకటి. కానీ ఇద్దరి డ్యూటీలు వేరు కాబట్టి ఆ గదిపంచుకున్న అమ్మాయిని ఆమె సరిగా చూసిందే తక్కువ. ఇంటి నుంచి తీసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసా పదో రోజుకల్లా మిగతా దేశాల వాళ్లు ఖాళీ చేశారట. ఇది విన్నాక మా వాళ్లకు ఆ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

మట్టి గొట్టం పైకి రాగానే మైకులో "కోర్ ఆన్ డెక్" అని కేక వినపడుతుంది. టెక్నీషియన్లు తొమ్మిదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని శవాన్ని మోసినంత జాగ్రత్తగా (ఇది ఆమె మాటే) మోసుకొచ్చి ఒకటిన్నర మీటర్ల ముక్కలు చేస్తారు. ప్రతి ముక్క మీద ఏది పై వైపో, ఏది కింది వైపో గుర్తు. ఆ గుర్తు తప్పితే కాలం తలకిందులవుతుంది. గొట్టం అడుగున చిక్కిన గుప్పెడు మట్టి మాత్రం వెంటనే సూక్ష్మ శిలాజాల వాళ్లకు పోతుంది. మేడమ్ చేసింది ఆ పనే. మట్టిని సన్న జల్లెడలో వేసి కడిగితే ఇసుక రేణువంత గుల్లలు మిగులుతాయి. వాటిని ఫొరామినిఫెరా అంటారు. సముద్రంలో బతికే ఏకకణ జీవుల ఇళ్లవి. ఏ జాతి ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు అంతరించింది అన్నది తెలుసు కాబట్టి మైక్రోస్కోపులో చూసి ఈ మట్టి వయసు ఇంత అని చెప్పేయవచ్చు. ఆ మాట కోసం ఓడంతా ఎదురుచూస్తుంది. బోరు ఇంకా దింపాలా, ఆపాలా అన్నది దాన్ని బట్టే. మా నాన్న వాళ్ల డ్రిల్లరు అరచేతిలో పొడి నలిపి చూసినట్టే.

ఈ జాతుల్ని గుర్తుపట్టడానికి మేం వాడే ఒక బొమ్మల గ్రంథం 1983లో వచ్చింది. రాసినవాళ్లలో ఒకరు జేమ్స్ కెన్నెట్, ఇంకొకరు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎం.ఎస్. శ్రీనివాసన్. ప్రపంచమంతా వాడే పుస్తకం మీద మనవాళ్ల పేరు ఉంటుందని నాకు ఎం.ఎస్సీ.లో చేరేదాకా తెలియదు. అలాగే 2015లో అరేబియా సముద్రంలో వేసిన బోర్లకు ఇద్దరు ముఖ్య శాస్త్రవేత్తల్లో ఒకరు గోవాలోని మన జాతీయ కేంద్రానికి చెందిన ధనంజయ్ పాండే. కిలోమీటరుకు పైగా లోతుకు దిగిన ఆ బోర్లలో సుమారు ఒక కోటి ఎనిమిది లక్షల ఏళ్ల నాడు పడమటి తీరం వైపు నుంచి కూలి సముద్రంలోకి జారిన మట్టి, రాళ్ల కుప్ప బయటపడింది. మట్టిపెళ్ల అనడానికి లేదు, ప్రపంచంలో తెలిసిన అలాంటి జారుళ్లలో అతి పెద్దవాటిలో ఒకటి. దానికి నటరాజ అని పేరు పెట్టారు.

మిగతా పనుల్ని త్వరగా చెప్పేస్తాను. ఒకరు మట్టి రంగు, పొరలు చూసి రాస్తారు. ఒకరు అందులో అయస్కాంతపు గుర్తులు చదువుతారు. ఒకరు మట్టిని నిమ్మకాయలా పిండి అందులోని నీళ్లు తీసి పరీక్ష చేస్తారు. ప్రతి ముక్కనూ నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పరీక్షలకు, ఇంకో సగం ముట్టుకోకుండా దాచడానికి. రాబోయే కాలంలో ఇప్పుడు లేని పరికరాలు వస్తాయి గదా, వాళ్ల కోసం. యాత్ర నుంచి శాస్త్రవేత్తకు జీతం రాదు. తన సంస్థ ఇచ్చే జీతమో, ఫెలోషిప్పో ఉండాలి. బదులుగా మట్టి వస్తుంది. మొదటి ఏడాది ఆ మట్టి ఓడలో పనిచేసిన వాళ్లది. ఆ తరవాత ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త అడిగినా ఇస్తారు.

ఇప్పుడు నాన్న ప్రశ్నకు వస్తాను. మట్టి ఎందుకు?

2006 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇదే జాయిడిస్ రిజల్యూషన్ ఓడను మన దేశం గ్యాస్ హైడ్రేట్ల కోసం తెప్పించింది. 21 చోట్ల 39 బోర్లు. అందులో 15 చోట్లు మన కృష్ణా-గోదావరి బేసిన్‌వే. గ్యాస్ హైడ్రేట్ అంటే మంచుగడ్డలో ఇరుక్కున్న మీథేన్ వాయువు. అగ్గిపుల్ల గీస్తే కర్పూరంలా మండుతుంది. ఒక ఘనపు మీటరు గడ్డలో 160 ఘనపు మీటర్లకు పైగా వాయువు. అది పైకి రాగానే కరిగిపోతుంది కాబట్టి గొట్టం డెక్ మీదికి రావడంతోనే వేడిని చూసే కెమెరాతో ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతుకుతారు. చల్లగా కనిపించిన చోట గడ్డ ఉన్నట్టు. కృష్ణా-గోదావరిలో ఒకచోట 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర దొరికింది. పేపర్లలో పెద్దగా వచ్చింది ఈ వార్తే. వాయువు వార్త కాబట్టి.

నాకు ముఖ్యమైంది వేరే. ఆ బోర్లలో 16వ చోటు గోదావరి నోటికి ఎదురుగా ఉంది. అక్కడి మట్టిని తరవాత వేరే శాస్త్రవేత్తలు తీసుకున్నారు. వాయువు కోసం కాదు, గోదావరి కథ కోసం. కామిలో పాంటన్, లివియు జోసన్, ఇంకా కొందరు కలిసి 2012లో ఆ ఫలితాలు ప్రచురించారు. వాళ్లు వెతికింది ఆకుల మైనం. తామరాకు మీద, జిల్లేడాకు మీద నీటి బొట్టు నిలవకుండా జారిపోతుంది చూడండి, ఆ పూత. ఆకు కుళ్లిపోయినా ఆ మైనం తొందరగా పోదు. వానకు కొట్టుకొచ్చి, వాగులో పడి, గోదావరిలో పడి, సముద్రం అడుగున బురదలో కూరుకుపోతుంది. మరఠ్వాడాలో రాలిన ఆకైనా, ఆదిలాబాదు అడవిలో రాలిన ఆకైనా చివరికి చేరేది అక్కడికే.

ఆ మైనంలోని కర్బనాన్ని పరీక్షిస్తే అది చెట్లదా, గడ్డి జాతులదా అని చెప్పవచ్చు. చెట్లు, వరి, కంది ఒక రకంగా గాలిలోని కర్బనాన్ని తీసుకుంటాయి. జొన్న, సజ్జ, ఎండను తట్టుకునే గడ్డి జాతులు ఇంకో రకంగా తీసుకుంటాయి. దాని గుర్తు మైనంలో ఉండిపోతుంది. గత పదివేల ఏళ్ల మట్టిని పొర పొరగా చూస్తే ఏం తేలిందంటే, సుమారు 4000 ఏళ్ల కిందటి నుంచి గోదావరి పరీవాహకం క్రమంగా ఎండుతూ వచ్చింది. సుమారు 1700 ఏళ్ల కిందట అది ఇంకా పెరిగింది. చెట్ల మైనం తగ్గి, కరువును తట్టుకునే మొక్కల మైనం ఎక్కువైంది. 2017లో అదే మట్టి మీద ఇంకో వ్యాసం వచ్చింది. ఈ ఎండిన కాలంలోనే నది తెచ్చే మన్ను బాగా పెరిగిందని, అది దక్కను నల్ల రాతి నేలల నుంచి ఎక్కువగా వచ్చిందని. వాన తగ్గి నేల మీద పచ్చదనం పలచబడటం, మనిషి సేద్యానికి నేలను గుల్ల చేయడం, రెండూ కలిసి పైమట్టిని సముద్రంలోకి పంపాయన్న మాట.

ఇది చదివిన రాత్రి యూనివర్సిటీ హాస్టల్ గదిలో నాకు నిద్ర పట్టలేదు. కనిగిరి వైపు పుట్టినవాడికి కరువు పుస్తకంలో చదివే సంగతి కాదు. మా తాత సజ్జ సంకటి తిన్నాడు. మా నాన్న ఎండిన ఊళ్లన్నీ తిరిగి బోర్లు వేశాడు. మొదట్లో రెండు వందల అడుగులకు పడే నీళ్లు ఆయన పని మానేసేనాటికి ఎనిమిది వందలకూ పడలేదు. మా ఇళ్లలో ఈ కథ రాసిపెట్టినవాళ్లు లేరు. చదువొచ్చినవాళ్లు రాసిన చరిత్రల్లో రాజులు, గుళ్లు ఉంటాయి గానీ ఏ ఏడు సజ్జ తిన్నారో, ఏ ఏడు అదీ లేదో ఉండదు. సముద్రం అడుగు బురదలో ఉంది. ఎవరి పొలంలో పెరిగిన ఆకైనా దాని మైనం అక్కడ ఉంది.

అలాగే 2014 చివర్లో, మహానది ఎదురుగా వేసిన ఇంకో బోరు మట్టి నుంచి తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనాల లెక్క తీశారు. 2021లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కాలాల్లో, ధ్రువాల మంచు కరిగిన కాలాల్లో మన వానలు ఎక్కువయ్యాయి. రాబోయే రోజులకు కంప్యూటర్లు చెబుతున్నదీ అదే. అంటే ఒకప్పటి సాక్ష్యం, రేపటి జోస్యం ఒకే మాట చెబుతున్నాయి. వాన ఎక్కువ అంటే మంచిదేగా అని సంబరపడకండి. మూడు నెలల వాన మూడు రోజుల్లో కురిస్తే బోర్లు నిండవు, చెరువు కట్టలు తెగుతాయి.

ఇదంతా నాన్నకు అరిచి చెప్పాను. ఆయన మళ్లీ "డబ్బులెవరిస్తారు?" అన్నాడు. ఏం చేస్తాం, బోరు లోకంలో మొదటి ప్రశ్నా చివరి ప్రశ్నా అదే.

దాని జవాబు బాగాలేదు. జాయిడిస్ రిజల్యూషన్ నడపడానికి ఏడాదికి దాదాపు 7 కోట్ల 20 లక్షల డాలర్లు అయ్యేది. ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వం పెట్టేది, తక్కినది మన దేశంతో సహా మిగతా దేశాలు. ఖర్చు పెరిగింది, సరిపడా వాటాలు రాలేదు. 2023 మార్చిలో అమెరికా సైన్స్ సంస్థ ఇక కొనసాగించమని ప్రకటించింది. నేను ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఆ ఓడ బొమ్మ గోడకు అంటించుకున్నాను. రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి, 2024 ఆగస్టులో, దాని చివరి యాత్ర ముగిసింది. 1985 నుంచి దాదాపు నలభై ఏళ్లు మట్టి తీసిన ఓడ. అప్పటి అంతర్జాతీయ కార్యక్రమం కూడా ఆ ఏడు సెప్టెంబరుతో అయిపోయింది. జపాన్, యూరప్ దేశాలు 2025 నుంచి కొత్త కార్యక్రమం మొదలుపెట్టాయి. జపాన్‌కు చిక్యూ అనే పెద్ద ఓడ ఉంది, 2015లో మన తూర్పు తీరంలో హైడ్రేట్ల కోసం రెండోసారి బోర్లు వేసింది అదే. చైనా 2024 నవంబరులో మెంగ్ షియాంగ్ అనే కొత్త ఓడను పనిలోకి దింపింది. ఆ పేరుకు అర్థం కల అట.

ఓడ ఆగిపోయిన సంగతి చెబితే నాన్న అడిగాడు: "బండి పోతే పోయింది. తీసిన మట్టి ఉందా?"

ఉంది. బంగాళాఖాతంలో ఆ కార్యక్రమం కింద తీసిన కోర్లు జపాన్‌లోని కోచిలో, చల్లటి గదుల్లో, అరల్లో పేర్చి ఉన్నాయి. కేరళ కొచ్చి అనుకునేరు, అది కాదు. అట్లాంటిక్ మట్టి జర్మనీలోని బ్రెమెన్‌లో, ఇంకా చాలా మట్టి అమెరికాలోని టెక్సాస్‌లో. ఏ లోతులో ముక్క కావాలో, దానితో ఏం కనిపెట్టదలచుకున్నావో రాసి దరఖాస్తు పెడితే పరిశోధకుడికి చిన్న చిన్న సంచుల్లో పంపుతారు. ఓడ ఎక్కినవాళ్లు చూడని ప్రశ్నలు ఆ అరల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఓడ ఎక్కాలన్న నా కోరిక పోలేదు గానీ, ఓడ లేకపోయినా చేయదగ్గ పని ఒక జీవితానికి సరిపడా ఉంది.

నా పరిస్థితి కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉపన్యాసం అవుతుంది. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ క్వారీలో ఉద్యోగం ఇస్తామన్నారు. నెలకు ఇరవై రెండు వేలు, ఉండటానికి గది. అమ్మ ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు మీద నెల నెలా వడ్డీ ఉంది. చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంకోపక్క సీఎస్ఐఆర్ నెట్ రాశాను. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేలు, పీహెచ్‌డీలో చేరవచ్చు. ఎస్సీ విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్ కూడా ఉంది, ఆ వివరాలు పెద్ద తరగతుల తమ్ముళ్లు ఇప్పటి నుంచే తెలుసుకోండి. ఈ ఫలితం రాకముందే క్వారీ వాళ్లకు మాట చెప్పాలి. పదిహేను రోజుల గడువు అడిగాను, వారం ఇచ్చారు. అమ్మ ఉద్యోగం అంటోంది. ఆమె మాటలో తప్పు నాకు కనిపించడం లేదు. నాన్న మాత్రం ఏమీ అనడం లేదు. పోయిన ఆదివారం ఫోను చేసి, "ఆ మైనం సంగతి చెప్పావే, వేపాకుదీ ఉంటుందా?" అని అడిగాడు. ఉంటుందని అరిచాను. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి నేను క్వారీలో ఉంటానో, ప్రయోగశాలలో ఉంటానో నాకే తెలియదు.

ఒకటి మాత్రం రాసి ఇవ్వగలను. దసరా సెలవులు ఇవ్వడానికి ముందు వారంలో హాస్టల్‌కు వస్తాను. వార్డెన్ గారికి చెప్పాను. విశాఖ బీచ్ ఇసుక ఒక డబ్బాడు, సన్న జల్లెడ, మా మేడమ్ ఇచ్చిన పాత మైక్రోస్కోపు తెస్తాను. అది ఒక కంటితో చూసేది, కాబట్టి ఒక్కొక్కరుగా రావాలి. ఇసుకలో ఫొరామినిఫెరా గుల్లలు దొరుకుతాయి, ఎవరికి దొరికితే వాళ్లే బొమ్మ గీసుకోవచ్చు. తొమ్మిది, పది వాళ్లు స్టడీ అవర్ తరవాత భోజనాల హాల్లోకి రండి. చిన్న తరగతుల వాళ్లకు ఆదివారం పొద్దున. ఇసుక కడగడానికి నాలుగు బకెట్ల నీళ్లు కావాలి. వంటశాల వెనక బోరు నీళ్లే, ముందురోజు సాయంత్రం పట్టి ఉంచండి, పొద్దున మోటారుకు కరెంటు ఉండదు.